ఆర్మూరు పసుపు, అలలమీది పనివారు

నిజామాబాదు జిల్లాలోని ఆర్మూరు పట్టణమునకు ఏ దిక్కున చూచినను సముద్రము కొన్ని వందల కిలోమీటర్ల దూరమున నున్నది. ఆ ప్రాంతమున 'సముద్రము' అను పేరుతో ముగియు ఊళ్లు లేకపోలేదు. కాని అవి చెరువులనుబట్టి వచ్చిన పేర్లు. పూర్వులు పెద్ద చెరువును త్రవ్వించి, దానినే సముద్రమని పిలిచి తృప్తిపడిరి. ఉప్పునీటి సముద్రమును కంటితో చూడకయే బ్రతుకు గడపినవారు ఆ పల్లెలలో నెందరో కలరు. అయినను వారు పండించిన పంట మాత్రము సముద్రములను దాటి పోవుచునే యున్నది. ఆ పంట పసుపు.

తొలకరి వానలకు నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు నేలలో నుండి, సంక్రాంతి నాటికి త్రవ్వకమునకు వచ్చును. త్రవ్విన పచ్చి దుంపలను ఉడికించి, కళ్లములలో రెండు వారములవరకు ఎండబెట్టి, మెరుగు పట్టించి, కాడి, గోళ యని వేరుపరచి రైతులు మార్కెట్టునకు తెత్తురు. 2025 జనవరిలో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా ప్రారంభమైనది. మన దేశపు పసుపు అమెరికా, మొరాకో, మలేషియా, అరబ్బు ఎమిరేట్లు మొదలగు దేశములకు పోవుచున్నది. పసుపు ధరను గూర్చి ఆర్మూరులో మాటలాడనివాడు లేడు. పసుపును ఆవలి ఒడ్డునకు చేర్చువారిని గూర్చి మాటలాడుట మాత్రము అరుదు.

సముద్రముతో ఈ నేలకు గల సంబంధము నేటిది కాదు. ఆర్మూరునకు తూర్పున కమ్మర్‌పల్లి మండలములో కోనసముద్రమను గ్రామము కలదు. వాడుకలో దానిని కోనసముందరు అందురు. ఒకప్పుడు అచటి కమ్మరులు మట్టిమూసలలో ఇనుమును కరగించి మేలైన ఉక్కును తయారుచేసెడివారు. 19వ శతాబ్ది తొలినాళ్లలో వాయిసీ అను ఆంగ్లేయ వైద్యుడు ఈ గ్రామమునకు వచ్చి, ఉక్కు తయారగు విధమును వ్రాసియుంచెను. ఆ ఉక్కును కొనుటకై పారసీకపు ఇస్ఫహాను నగరమునుండి వచ్చి కాచుకొనియున్న వర్తకుని ఒకనిని ఆయన అచటనే కలిసికొనెను. అంతకు పూర్వము, 17వ శతాబ్దిలోనే, గోలకొండ రాజ్యపు ఉక్కు మచిలీపట్టణపు రేవున ఓడలకెక్కి పారసీకమునకు పోయెడిది. కత్తి చేసినవాని కీర్తి మిగిలినది. ఉక్కు చేసిన ఊరి పేరు మిగిలినది. ఆ ఉక్కును అలలమీద మోసిన కళాసీల పేర్లు ఎవరికిని గుర్తులేవు. నేటి నావికుల సంగతి అంతకంటె మెరుగని చెప్పుటకు వీలులేదు. ప్రపంచ వాణిజ్యమున ఎగుమతి దిగుమతులగు సరకులలో, పరిమాణమునుబట్టి చూడగా, నూటికి 80 పాళ్లకు పైగా ఓడలమీదనే సాగుచున్నవి. ఆ ఓడలను నడపువారు లోకమంతటను కలిసి ఇరువది లక్షలలోపే.

పసుపు బస్తాలు ఇప్పుడు ఇనుప పెట్టెలలో ప్రయాణము చేయుచున్నవి. వీనిని కంటెయినరులందురు. చిన్న కంటెయినరు పొడవు 20 అడుగులు. 1956 ఏప్రిల్ 26న మాల్కం మెక్లీన్ అను అమెరికా లారీల యజమాని 58 పెట్టెలను 'ఐడియల్ ఎక్స్' అను ఓడమీద నెవార్కు రేవునుండి హ్యూస్టను రేవునకు పంపెను. అంతకుముందు సరకుల ఓడ రేవు చేరినచో రోజులకొలది, ఒక్కొక్కప్పుడు వారములకొలది అచటనే నిలిచియుండెడిది. కూలీలు బస్తాలను వీపులమీద మోసి దింపెడివారు. ఆలోగా నావికులు ఒడ్డునకు దిగి, ఊరు చూచి, ఉత్తరములు వ్రాసికొని, కొంత సేదదీరెడివారు. ఇప్పుడు పెద్ద క్రేనులు వేలకొలది పెట్టెలను ఒకటి రెండు దినములలో దింపి ఎక్కించుచున్నవి. వర్తకునకిది గొప్ప లాభము. నావికునకు మాత్రము కాలు నేలమీద మోపు అవకాశము తగ్గిపోయినది.

పసుపు విషయములో ఈ ఇనుప పెట్టెకు ఒక చిక్కు కలదు. పసుపు సరిగా ఎండక, తేమ మిగిలియుండగా బస్తాల కెక్కినదనుకొందము. ముంబాయి చెంత 1989లో ప్రారంభమైన జవహర్‌లాల్ నెహ్రూ రేవున ఎండకు పెట్టె కాగును. లోని తేమ ఆవిరియై గాలిలో చేరును. ఓడ ఉత్తరపు చల్లని సముద్రములలోనికి పోవుకొలది పెట్టె పైకప్పు చల్లబడును. వేడిగాలిలోని ఆవిరి ఆ చల్లని ఇనుమును తాకి నీటిబొట్లై తిరిగి బస్తాలమీదనే రాలును. ఓడలో వాన కురియనక్కరలేదు. పెట్టెలోపలనే వాన కురియును. పసుపు బూజు పట్టి, కొన్నవాడు దానిని త్రోసిపుచ్చును. తాళము వేసి ముద్ర వేసిన పెట్టెను దారిలో తెరచుటకు నావికునకు అధికారము లేదు. కళ్లములో ఒక దినము తక్కువ ఎండిన సరకును ఎంతటి కెప్టెనైనను సముద్రముమీద ఎండబెట్టలేడు.

పెద్ద కంటెయినరు ఓడలు 400 మీటర్ల పొడవున్నవి కలవు. అట్టి ఓడను నడపువారు ఎందరు? సుమారు ఇరువదినుండి ఇరువదియైదుమంది మాత్రమే. ఆర్మూరు చుట్టుపట్ల ఒక చిన్న వీధిలో నుండు జనము అంతకంటె ఎక్కువ. కెప్టెను ఓడకంతటికిని బాధ్యుడు. ఆయన క్రింద ముగ్గురు మేటులు, అనగా త్రోవ చూచు అధికారులు, వంతులవారీగా ఓడను నడపుదురు. యంత్రశాలకు ఛీఫ్ ఇంజనీరు పెద్ద. తక్కినవారు చుక్కాని పట్టువారు, పైతట్టున పనిచేయువారు, నూనె పోసి యంత్రములను కనిపెట్టువారు, వంటవారు.

పూర్వము మన నావికులలో ఈ ఉద్యోగములకు వేరు పేర్లుండెడివి. పైతట్టు పనివారి పెద్ద సరంగు, అతని సహాయుడు తండేలు, చుక్కాని పట్టువాడు సుకాని, వంటవాడు భండారి. వీరందరికి కలిపి లస్కరులని పేరు. ఈ మాట ఆర్మూరు రైతులకు క్రొత్తది కాదు. శ్రీరామసాగరము కాలువల తూములవద్ద నీటిని వదలు పనివానిని వారు నేటికిని లస్కరు అనియే పిలుతురు. లష్కరు అనగా పారసీకమున సైన్యము, దండు. ఆ ఒక్క మాట ఇచట కాలువగట్టుమీద నిలిచినది. అచట ఓడ కెక్కినది.

ఆంగ్లేయుల ఓడలలో లస్కరులు వేలకొలది పనిచేసిరి. అదే ఓడలో, అదే పనికి తెల్లవానికిచ్చు జీతములో వీరికి దొరకినది అనేక పర్యాయములు మూడవ వంతుకంటె తక్కువ. పడుకొను చోటు ఇరుకు. తిండియు తక్కువ రకము. మొదటి ప్రపంచ యుద్ధములో ప్రాణములు కోల్పోయిన 896 మంది లస్కరుల జ్ఞాపకార్థము 1924లో కలకత్తాలో హుగ్లీ ఒడ్డున ఒక స్మారక కట్టడము లేచినది. రెండవ ప్రపంచ యుద్ధములో మరల ఆరువేల మందికి పైగా భారతీయ వర్తక నావికులు మరణించిరి. వీరు తుపాకి పట్టిన సైనికులు కారు. ధాన్యమును, బొగ్గును, నూనెను మోసినవారు.

సొంత ఓడలుండవలెనను కోరిక ఆ కాలముననే పుట్టినది. సింధియా కంపెనీవారి 'లాయల్టీ' అను ఓడ 1919 ఏప్రిల్ 5న బొంబాయినుండి లండనునకు బయలుదేరినది. ఏప్రిల్ 5ను నేడు జాతీయ నౌకాదినముగా జరుపుదురు. విశాఖపట్టణపు నౌకానిర్మాణశాలలో తయారైన 'జల ఉష'ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూ నీటిలోనికి వదలెను. ఆయనయే 1963లో ఆర్మూరు చేరువ పోచంపాడులో శ్రీరామసాగరమునకు పునాదిరాయి వేసెను.

ఓడలో దినము సూర్యోదయముతో మొదలుకాదు. ఇరువదినాలుగు గంటలు నాలుగేసి గంటల కాపుదలలుగా విభజింపబడియుండును. పన్నెండు మొదలు నాలుగువరకు రెండవ మేటు. నాలుగు మొదలు ఎనిమిదివరకు ఛీఫ్ మేటు. ఎనిమిది మొదలు పన్నెండువరకు మూడవ మేటు. పగలెట్లో రాత్రియు నట్లే. నాలుగు గంటలు కాపుదల, ఎనిమిది గంటలు విరామము. మరల నాలుగు గంటలు. కాని ఆ ఎనిమిది గంటలు పూర్తిగా విరామము కావు. పటములను సరిచూచుట, ప్రాణరక్షక పడవలను పరీక్షించుట, అగ్నిప్రమాద నివారణ కసరత్తులు, లెక్కలు వ్రాయుట, అన్నియు అందులోనే. నడిరేయి పన్నెండునుండి నాలుగువరకు చీకటిలోనికి చూచుచు నిలిచియుండుట ఎంత కష్టమో, పసుపుచేనికి రాత్రివేళ నీరు కట్టిన రైతు ఎరుగును. రైతునకు తెల్లవారి ఇంటికి పోవుట కలదు. నావికునకు ఇల్లును, చేనును ఒక్కటే.

గడియారముకూడ నావికునితో ఆటలాడును. ఓడ పడమరకు పోవునపుడు ప్రతి 15 రేఖాంశములకు గడియారమును ఒక గంట వెనుకకు త్రిప్పుదురు. ఆ దినమునకు 25 గంటలు. తూర్పునకు తిరిగివచ్చునపుడు ముందునకు త్రిప్పుదురు. దినమునకు 23 గంటలే. ఆ పోయిన గంట పనిలోనుండి పోదు, నిద్రలోనుండి పోవును.

యంత్రశాల మరియొక లోకము. పెద్ద ఓడ ఇంజను మూడంతస్తుల మేడయంత ఎత్తుండును. అచటి వేడి ఉష్ణమండలమున 40 డిగ్రీలు దాటును. చెవులకు మూతలు లేకున్న వినికిడి చెడును. నేటి ఓడలు అనేకములందు రాత్రివేళ యంత్రశాలలో ఎవరును ఉండరు. వంతు వచ్చిన ఇంజనీరు తన గదిలో నిద్రించును. ఏ గొట్టము కారినను, ఏ యంత్రము వేడెక్కినను ఆ గదిలో గంట మ్రోగును. ఒక్కొక్క రాత్రి అది మ్రోగదు. ఒక్కొక్క రాత్రి నాలుగుసార్లు మ్రోగును. ఇక పైతట్టున ఉన్నవారికి తుప్పుతో పోరాటము. ఉప్పుగాలికి ఇనుము నిత్యము తుప్పు పట్టుచునేయుండును. దానిని గోకుట, రంగు పూయుట, ఓడ ఈ కొననుండి ఆ కొనవరకు ముగియునప్పటికి మొదటి కొన మరల తుప్పు పట్టుట. కథలలోని నావికుడు దూరదర్శినితో దీవులను వెదకును. నిజమైన నావికుని చేతిలో ఎక్కువ కాలముండునది రంగు కుంచె.

తుపానుకంటె మోసకరమైన ప్రమాదములు ఓడలో కలవు. మూసియుంచిన గదులలో ఇనుము తుప్పు పట్టుచు గాలిలోని ఆమ్లజనిని హరించును. బొగ్గు, కలప వంటి సరకులున్న గదులలోను ఇట్లే జరుగును. చూచుటకు గాలి యున్నట్లే యుండును, వాసన యుండదు. దిగినవాడు నిమిషములలో కూలిపోవును. అతనిని కాపాడవలెనని పరుగెత్తి దిగిన రెండవవాడును అట్లే కూలును. పాడుబడిన బావిలోనికి దిగుటకు ముందు దీపమును దించి చూచు పల్లెల అలవాటునకు కారణము ఇదియే. ఓడలలో నేడు దీపమునకు బదులు గాలిని కొలుచు పరికరములున్నవి. వానిని వాడని తొందరపాటే ప్రాణములు తీయుచున్నది. రేవున ఓడను కట్టు మోకులును అట్టివే. బిగిసిన మోకు తెగినచో కొరడావలె వెనుకకు విసరి మనిషిని క్షణములో పడగొట్టును.

ఓడ ప్రక్కన, నీటి అంచుకు దగ్గరగా, ఒక వృత్తమును, దాని మధ్యగా ఒక అడ్డగీతయు, చెంత మెట్లవలె మరికొన్ని గీతలును కనిపించును. ఎక్కువ లాభమునకై ఓడలను మునుగునంతగా నింపి, బీమా సొమ్ముమీద భరోసాతో పంపిన యజమానులు 19వ శతాబ్దిలో ఇంగ్లండున ఉండిరి. అట్టి ఓడలను జనులు శవపేటికలనిరి. సామ్యూల్ ప్లిమ్సాల్ అను పార్లమెంటు సభ్యుడు పట్టుబట్టగా, 1876లో భారపు గీత తప్పనిసరియను చట్టము వచ్చినది. ఆ గీత నీటిలో మునుగునంతగా సరకు నింపరాదు. ఉష్ణసముద్రములలో కొంత ఎక్కువ లోతునకు, శీతకాలపు సముద్రములలో తక్కువ లోతునకు అనుమతియని తెలుపునవే ఆ మెట్ల గీతలు. అధికభారముతో ఒరిగిపోవు లారీని రహదారిమీద చూచినవారికి ఆ గీత విలువ చెప్పనక్కరలేదు.

శ్రమకును ఇట్టి గీత ఒకటి కావలసివచ్చినది. 2006లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆమోదించిన నావిక శ్రమ ఒడంబడిక 2013లో అమలులోనికి వచ్చినది. 2015లో భారతదేశమును దానిలో చేరినది. దాని ప్రకారము నావికునకు ఏ 24 గంటలలోనైనను 10 గంటలు, ఏడు దినములలో 77 గంటలు విశ్రాంతి ఉండవలెను అనునది ఒక కొలత. విశ్రాంతిని రెండు భాగములకంటె ఎక్కువగా ముక్కలు చేయరాదు. అందొకటి ఆరు గంటలకు తగ్గరాదు. పన్నెండు నెలలు నిండకముందే అతనిని యజమాని ఖర్చుతో ఇల్లు చేర్చవలెను. వ్రాతలో ఇది చక్కగానున్నది. ఒక రాత్రి రేవు చేరి, తెల్లవారులోగా సరకు దింపి, మరునాడు తనిఖీకి నిలబడి, ఆ సాయంకాలమే బయలుదేరిన ఓడలో ఆ గంటలు ఎట్లు లెక్కకు వచ్చునో, విశ్రాంతి పుస్తకమును నింపువాడే ఎరుగును.

2021 మార్చి 23న 'ఎవర్ గివెన్' అను 400 మీటర్ల ఓడ సూయజు కాలువలో అడ్డముగా చిక్కుకొనినది. ఆరు దినములు లోకపు వర్తకమంతయు దానినే చూచినది. ఆ ఓడ జపానువారి సొత్తు. దానిమీద ఎగిరినది పనామా జెండా. నడపినది తైవాను సంస్థ. నావికులు 25 మందియు భారతీయులు. ఓడ కదలిన తరువాత నష్టపరిహారపు తగవు తేలువరకు ఈజిప్టు దానిని జూలై 7వరకు నిలిపివేసినది. పత్రికలు ఆగిపోయిన సరకుల విలువను లెక్కించినవి. ఆ మూడు నెలలకు పైగా కాలము ఆ ఓడలోనే గడపిన మన నావికులను గూర్చి అంతగా వ్రాసినవి కావు. అంతకుముందు సంవత్సరము కోవిడు వ్యాధి వ్యాపించి దేశములు తలుపులు మూసికొనగా, 2020 చివరకు నాలుగు లక్షలమంది నావికులు ఒప్పందపు గడువు తీరియు ఓడలలోనే చిక్కుకొనియుండిరని అంతర్జాతీయ నౌకాసంస్థ అంచనా. లోకమునకు మందులు, ధాన్యము మోసినవారు వారే. ఒడ్డున దిగనీయబడనివారును వారే.

యుద్ధము లేనివారిని యుద్ధము వెదకికొని వచ్చుటయు కలదు. 2024 మార్చి 6న ఏడెను సింధుశాఖలో 'ట్రూ కాన్ఫిడెన్స్' అను సరకుల ఓడమీద క్షిపణి పడి ముగ్గురు నావికులు మరణించిరి. తక్కిన 21 మందిని భారత నౌకాదళపు 'ఐ.ఎన్.ఎస్. కోల్‌కతా' రక్షించినది. ఈ దాడులవలన యూరపు పోవు అనేక నౌకలు సూయజు దారిని విడిచి, ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి పోవలసివచ్చినది. సరకు ఆలస్యమని వర్తకులు చింతించిరి. ఓడలోనివారికి ఇంటిబాట మరి కొన్ని దినములు పెరిగినది.

జెండా ఒక దేశముది, యజమాని మరియొక దేశమువాడు అగుటవలన ఇంకొక కీడు కలదు. నష్టము వచ్చినచో కొందరు యజమానులు ఓడను ఏదో రేవున వదలి మాయమగుదురు. జీతము రాదు, నూనె అయిపోవును, దీపములు ఆరును, త్రాగునీరు తరుగును. ఓడను విడిచిపోవుటకు ఆ దేశము అనుమతింపదు. అంతర్జాతీయ రవాణా కార్మిక సమాఖ్య లెక్కల ప్రకారము 2024లో 300కు పైగా ఓడలలో 3,000 మందికి పైగా నావికులిట్లు విడువబడిరి. వారిలో ఏ ఇతర దేశమువారికంటెను భారతీయులే ఎక్కువ. రెండు నెలల జీతము చెల్లింపనిచో నావికుని విడిచినట్లే భావింపవలెననియు, నాలుగు నెలలవరకు జీతమును, ఇంటికి చేరు ఖర్చును బీమా ఇచ్చుకొనవలెననియు 2017నుండి నియమమున్నది. బీమా లేని పాత ఓడలలోనే ఈ నియమము అక్కరకు రాకుండుట విచారకరము.

అట్టి ఓడలకు మనుషులు ఎట్లు దొరకుదురు? గల్ఫు దేశములకు కొడుకులను పంపిన ఇండ్లు ఆర్మూరు ప్రాంతమున ఊరూరను కలవు. అప్పు చేసి ఏజెంటు చేతిలో డబ్బు పోయుట, అచటికి పోయిన పిమ్మట చెప్పిన పని వేరు, దొరకిన పని వేరగుట వారు విన్నదే. ఓడ ఉద్యోగములలోను అట్టి మోసగాండ్రు కలరు. వారిని గుర్తించుటకు ఒక గురుతు చాలును: ఉద్యోగమిప్పించుటకు నావికునినుండి రుసుము తీసికొనుటను నావిక శ్రమ ఒడంబడిక నిషేధించినది. నౌకాయాన డైరెక్టరు జనరలు కార్యాలయపు అనుమతి పొందిన సంస్థలే నావికులను కుదుర్చవలెను. ఆ సంస్థల పట్టిక అందరికిని బహిరంగము. అధికారి కాగోరువారు భారతీయ సముద్రయాన విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్ష వ్రాయవలెను. దాని శాఖ విశాఖపట్టణమున కలదు. పదవ తరగతి తేరినవారు ఆరు నెలల శిక్షణతో సామాన్య నావికులుగా చేరవచ్చును. కన్ను మంచిదై, ఎరుపును పచ్చను తేటగా గుర్తింపగలుగుట ముఖ్యము. రాత్రి ఎదురువచ్చు ఓడ ఎడమ ప్రక్క దీపము ఎరుపు, కుడి ప్రక్కది పచ్చ. ఆ రెండింటిలో ఏది కనబడినదో అనుదానినిబట్టియే ఆ ఓడ ఏ దిక్కునకు పోవుచున్నదో తెలియును.

చేరిన ప్రతివానికిని ఒక చిన్న పుస్తకమిత్తురు. ఏ ఓడ, ఏ రేవున ఎక్కినాడు, ఏ రేవున దిగినాడు, తేదీలతో అందులో వ్రాసి ముద్ర వేయుదురు. పండుగలు, ఇంటిలో జరిగిన పెండ్లిండ్లు, బిడ్డ తొలి అడుగులు, ఇవి ఆ రెండు తేదీలనడుమ గడచిపోవును.

యూరపు రేవున క్రేను వంగి పసుపున్న పెట్టెను పైకెత్తి, గట్టుమీది లారీపై నుంచును. లారీ పోవును. ఆ పెట్టెలో ఏమున్నదో ఓడలోనివారు చూడలేదు. కాగితముమీద చదివిరి, అంతే. సాయంకాలమునకు మోకులు విప్పుదురు. అర్ధరాత్రి పన్నెండు గంటలకు రెండవ మేటు మెట్లెక్కి వచ్చి, కన్నులు చీకటికి అలవాటుపడువరకు కొంతసేపు నిలిచి, కాపుదలను స్వీకరించును.